గాజు తూకపు రాళ్లు, గాజు తాయెత్తులు

1. రాయిని తిరగేసి చూడండి

విద్యార్థులారా, ఈ పాఠం చదవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఊళ్లో ఏ కిరాణా కొట్టులోనైనా, వారపు సంతలోనైనా ఇంకా ఇనప తూకపు రాళ్లు వాడుతూ ఉంటే, అడిగి ఒక కిలో రాయిని తిరగేసి చూడండి. అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి ఉంటుంది. ఆ సీసం మీద తూనికలు, కొలతల శాఖవారు కొట్టిన ముద్ర కనిపిస్తుంది. రాయి అరిగి బరువు తగ్గితే సీసం చేర్చి సరిచేస్తారు, సరిచేశాక మళ్లీ ముద్ర కొడతారు. ముద్ర లేని రాయి ఎంత సరిగ్గా తూగినా చట్టం దృష్టిలో అది తూకపు రాయి కాదు, వట్టి ఇనప ముక్క.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాలకొండ వైపు ఒక సంతకు వెళ్లాను. ఒక సవర ముసలమ్మ చింతపండు గంప దించింది. కొనే వర్తకుడి దగ్గర గోనెసంచిలో రెండు జతల రాళ్లున్నాయి. అమ్మేటప్పుడు ఒక జత, కొనేటప్పుడు ఇంకో జత. నేను తెల్లబోయి చూస్తుంటే ఆమె నవ్వి, "ఆళ్ల రాయి ఆళ్ల మాటే ఇంటాది బావూ" అంది. ఆమెకు అక్షరాలు రావు. రాయి మీద ఏం రాసి ఉందో, ఏం రాసి ఉండాలో ఆమె చదవలేదు. కానీ అసలు సమస్య ఏమిటో ఆమె మాటలో ఉంది. తూకం అనేది రెండు పక్షాల మధ్య జరిగే పని. రాయి మాత్రం ఒక పక్షం చేతిలోనే ఉంటుంది. అటువంటప్పుడు రెండో పక్షానికి భరోసా ఎవరు ఇవ్వాలి?

శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది చిన్న ప్రశ్న కాదు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు తెచ్చే గిరిజనులకు తూకంలోనూ ధరలోనూ జరిగే మోసాన్ని అరికట్టాలన్న ఉద్దేశంతోనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో రగిలిన పోరాటానికి ఉన్న కారణాల్లో షావుకారి అప్పు, షావుకారి తూకం రెండూ ఉన్నాయి.

ఇదే ప్రశ్నకు పన్నెండు, పదమూడు వందల ఏళ్ల కిందట ఈజిప్టు పాలకులు ఒక విచిత్రమైన జవాబు కనిపెట్టారు. ఇనుముతో కాదు, రాతితో కాదు, గాజుతో తూకపు రాళ్లు చేయించి, వాటి మీద అరబ్బీలో అధికారి పేరుతో సహా ఆజ్ఞ ముద్రించారు. ఆ గాజు బిళ్లలూ, వాటితో పాటు మ్యూజియంలలో కనిపించే గాజు తాయెత్తులూ ఈ పాఠానికి విషయం.

2. గాజే ఎందుకు?

గాజు పగులుతుంది కదా, తూకపు రాయికి అది పనికొస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. నిజానికి పగలడమే దాని సుగుణం. ఇనప రాయిని ఆకురాయితో కొంచెం అరగదీస్తే ఎవరికీ తెలియదు. ఇత్తడి, కంచు రాళ్లకు చిలుము పట్టి బరువు మారుతుంది. సీసం మెత్తన, గోటితో గీసినా గీత పడుతుంది. గాజును మాత్రం గుట్టుగా తగ్గించడం కష్టం. అంచు చెక్కితే చెక్కిన చోటు మెరుస్తుంది, ముద్ర దెబ్బతింటుంది. దానికి ఏదైనా అతికిస్తే కంటికి కనిపిస్తుంది. తుప్పు పట్టదు, తడి పీల్చదు.

ఈ ఆలోచన ఎవరిదన్న దానికి అరబ్బీ గ్రంథాల్లో ఒక కథ ఉంది. 1405లో మరణించిన అల్ దమీరీ అనే ఈజిప్టు పండితుడు, జంతువుల గురించి రాసిన పెద్ద గ్రంథంలో పాత రచయితను ఉటంకిస్తూ దాన్ని చెప్పాడు. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మాలిక్ బైజాంటియం నాణేలను వదిలించుకుని సొంత నాణేలు ముద్రించాలనుకున్నప్పుడు, ప్రవక్త వంశీయుడైన ముహమ్మద్ అల్ బాఖిర్ ఆయనకు సలహా ఇచ్చాడట: పెరుగుదలకూ తరుగుదలకూ లొంగని గాజుతో తూకపు రాళ్లు పోయించు అని. కథ జరిగిందో లేదో పక్కన పెట్టండి. గాజును ఎందుకు ఎంచుకున్నారన్న దానికి ఆనాటి వారు ఏ కారణం చెప్పుకున్నారో ఇందులో ఉంది, అది మనకు ముఖ్యం.

మన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా సరిగ్గా ఇదే తర్కం కనిపిస్తుంది. తూకపు రాళ్లను ఇనుముతోనో, మగధ, మేకల దేశాల రాతితోనో, లేదా నీటివల్ల పెరగనిదీ వేడివల్ల తరగనిదీ అయిన పదార్థంతోనో చేయించాలని ఆయన పౌతవాధ్యక్షుడికి, అంటే తూనికల అధికారికి, నిర్దేశించాడు. నాలుగు నెలలకోసారి ముద్ర వేయించుకోవాలన్నాడు. రెండు నాగరికతలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయని నేను అనడం లేదు. సంతలో మోసం ఎక్కడైనా ఒకేలా ఉంటుంది, కాబట్టి మందూ ఒకేలా ఉంటుంది.

గాజు రాళ్లు అరబ్బుల సొంత ఆవిష్కరణ కూడా కాదు. అంతకు ముందు ఈజిప్టు బైజాంటియం పాలనలో ఉన్నప్పుడే అధికారుల పేర్లను పొడి అక్షరాలుగా అల్లి, నాణేలు తూచే గాజు బిళ్లల మీద వేసేవారు. కొత్త పాలకులు కొలిమిని అలాగే ఉంచుకుని, అక్షరాలను మార్చారు.

తయారీ సులువే. కరిగిన గాజును చదునైన పలక మీద బొట్టుగా వేసి, అది గట్టిపడే లోపే లోహపు అచ్చుతో నొక్కుతారు. అంచు చుట్టూ గాజు కొంచెం ఉబుకుతుంది, మధ్యలో పల్లంలో అక్షరాలు పైకి లేస్తాయి. దీనారు రాయి దాదాపు మన పాత రూపాయి నాణెం అంత వెడల్పు ఉంటుంది. ఎక్కువగా ఆకుపచ్చ ఛాయల్లో దొరుకుతాయి. కష్టమంతా బొట్టు బరువు సరిగ్గా పడడంలో ఉంది. సరిపోనిదాన్ని తిరిగి కరిగించవచ్చు కాబట్టి పదార్థం మాత్రం వృథా కాదు.

3. ఒక రాయిని చదువుదాం

అబ్దుల్ మాలిక్ హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో, బొమ్మ లేకుండా కేవలం రాతతో కొత్త బంగారు దీనారు ముద్రించాడు. దాని బరువు సుమారు 4.25 గ్రాములు. వెండి దిర్హమ్ దానిలో పదింట ఏడు వంతులు, అంటే 2.97 గ్రాములు. నాణేలు చేతులు మారేకొద్దీ అరుగుతాయి, కొందరు అంచులు కత్తిరిస్తారు. అందుకే లెక్కపెట్టి తీసుకోవడం కాదు, తూచి తీసుకోవడం అలవాటు. ప్రతి సర్రాఫు దగ్గరా ప్రామాణికమైన రాయి ఉండాలి.

ఈజిప్టులో ఆర్థికాధికారిగా 714-717 మధ్య పనిచేసిన ఉసామా ఇబ్న్ జైద్ పేరుతో చాలా గాజు ముద్రలు దొరికాయి. ఆ తరువాత సుమారు 724 నుంచి 734 వరకు అదే పదవిలో ఉన్న ఉబైదుల్లాహ్ ఇబ్న్ అల్ హబ్‌హాబ్ పేరుతో ఇంకా ఎక్కువ ఉన్నాయి. ఆ కాలపు రాయి మీద రాత ఇలా నడుస్తుంది: ముందు దేవుడి పేరు, తరువాత నిండు తూకం ఇవ్వమని దేవుడు ఆజ్ఞాపించాడన్న మాట, ఆ తరువాత ఫలానా అధికారి ఆజ్ఞ, చివర "మిత్‌ఖాల్ దీనార్ వాఫ్", అంటే పూర్తి తూకం గల దీనారు బరువు. వేలెడు వెడల్పు గాజు మీద దైవాజ్ఞ, ప్రభుత్వాజ్ఞ, కొలత మూడూ ఉన్నాయి. ఖురాన్‌లో 83వ సూరా పేరే "అల్ ముతఫ్ఫిఫీన్", తూకంలో తగ్గించేవారు అని అర్థం. కాబట్టి రాయి మీద దేవుడి పేరు అలంకారం కోసం కాదు. వర్తకుడికి ఇద్దరు తనిఖీదారులు ఉన్నారని అది గుర్తుచేస్తుంది. వారిలో ఒకరికి లంచం ఇవ్వడం కుదరదు.

చదవడం మాత్రం తేలిక కాదు. లిపి కూఫీ, అక్షరాలకు చుక్కలుండవు. ఒకే గీత బ, త, న, య ఏదైనా కావచ్చు. అధికారుల పేర్ల జాబితా, వారి పదవీకాలాలు తెలిసినవారికే పేరు తేలుతుంది. పేరు తేలితే మాత్రం ఆ గాజు ముక్క ఏ కొన్నేళ్లలో తయారైందో చెప్పవచ్చు. శిథిలాల్లో దొరికే కుండపెంకు ఒక శతాబ్దం అటూ ఇటూగా కాలం చెబుతుంది. ఈ బిళ్ల మూడేళ్ల తేడాతో చెబుతుంది. శాసనాధారాలకు చరిత్రకారులు అంత విలువ ఎందుకు ఇస్తారో ఇక్కడ మీకు అర్థమవుతుంది.

రాగి నాణేన్ని ఫల్స్ అనేవారు. దాన్ని తూచే రాళ్ల మీద బరువును గింజల లెక్కన రాశారు. ఉదాహరణకు "30 ఖర్రూబాల ఫల్స్" అని. ఖర్రూబా అంటే ఒక మధ్యధరా ప్రాంతపు చెట్టు గింజ, మన చింతగింజలా కాయలో ఉంటుంది, బరువు సుమారు 0.195 గ్రాములు. ముప్ఫై గింజలంటే 5.85 గ్రాములన్నమాట. శ్రీకాకుళం, నరసన్నపేటల్లో బంగారం పనివారు ఒకప్పుడు గురివింద గింజతో తూచినట్టే ఇదీ. మన గురివింద సుమారు 0.12 గ్రాములు, తొంభై ఆరు గింజలైతే తులం. ఆ ఖర్రూబా గింజకు గ్రీకులో కెరాతియోన్ అని పేరు, అరబ్బీలో అది ఖీరాత్ అయింది, ఐరోపా వెళ్లి క్యారెట్ అయింది. బైజాంటియం బంగారు నాణెం 24 కెరాతియోన్ల బరువు. మీ ఇంట్లో గొలుసు "22 క్యారెట్లు" అంటున్నారంటే ఇరవై నాలుగు భాగాల్లో ఇరవై రెండు బంగారం అని కదా, ఆ ఇరవై నాలుగు అక్కడి నుంచి వచ్చిందే. వజ్రాలు తూచే క్యారెట్ 0.2 గ్రాములు. అదీ ఆ గింజ బరువే, కాస్త గుండ్రం చేశారు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. అరబ్బీలో తూకపు రాయిని "సంజా" అంటారు. అది పారశీకంలో రాయి అని అర్థమిచ్చే "సంగ్" నుంచి వచ్చింది. గాజుతో చేసినా రాయే, ఇనుముతో చేసినా మనం రాయే అంటాం. మనిషి మొట్టమొదట దేనితో తూచాడో ఈ రెండు భాషలూ మరచిపోలేదు.

స్వయం పరీక్ష: మీ దగ్గర "30 ఖర్రూబాలు" అని రాసి ఉన్న గాజు బిళ్ల ఉంది. అది ఇప్పుడు 5.2 గ్రాములే తూగుతోంది. దీనికి ఎన్ని కారణాలు ఊహించగలరు? జవాబు రాసే ముందు, మట్టిలో చాలాకాలం ఉన్న గాజు పైపొర పొలుసులుగా రాలిపోతుందని గుర్తుంచుకోండి.

4. పప్పులు, నూనె, జీలకర్ర

నాణేల రాళ్లకంటే నాకు ఇష్టమైనవి పాత్రల ముద్రలు. ఘనపరిమాణం కొలిచే గాజు గిన్నెలకు, పాత్ర వేడిగా ఉండగానే అంచు దగ్గర చిన్న గాజు బిళ్ల అతికించి ముద్ర నొక్కేవారు. గిన్నె ఎప్పుడో పగిలిపోయింది, మందంగా ఉన్న ఆ బిళ్ల మాత్రం మిగిలింది. వాటి మీద ఖిస్త్, అర ఖిస్త్, పావు ఖిస్త్ వంటి కొలతలతో పాటు సరుకు పేరు కూడా ఉంటుంది: నూనె, పొట్టు తీసిన మసూరు పప్పు, శనగలు, జీలకర్ర. ఒక్కో సరుకుకు ఒక్కో గిన్నె.

మన వైపు కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల, గిద్దలతో కొలిచిన తరానికి ఇది ఎందుకో చెప్పనక్కరలేదు. సోలెడు బియ్యం, సోలెడు మినుములు ఒకే బరువు ఉండవు. పైగా తలగొట్టి కొలవడం వేరు, గుమ్మెత్తి కొలవడం వేరు. కొనేవాడు గుమ్మి అడుగుతాడు, అమ్మేవాడు తలగొడతాడు. సరుకు పేరుతో సహా ముద్ర ఉన్న గిన్నె ఆ తగువును కొంతవరకు తగ్గిస్తుంది. ఎనిమిదో శతాబ్దపు ఈజిప్టులో సామాన్యుడు ఏం వండుకున్నాడో రాజుల చరిత్రలు చెప్పవు. పన్నుల అధికారి అతికించిన ఈ బిళ్లలు చెబుతాయి.

మాంసం వంటివి తూచడానికి పెద్ద రాళ్లుండేవి. చేత్తో పట్టుకోవడానికి వీలుగా మధ్యలో రంధ్రం ఉన్న బరువైన గాజు దిమ్మలవి. వాటి కొలత రత్ల్. ఈ మాట సముద్రం దాటి వచ్చింది. తమిళంలో, మలయాళంలో మొన్నమొన్నటి వరకు పౌను బరువును రాత్తల్ అనేవారు.

5. రాళ్లా, చిల్లరా?

ఫాతిమిద్ వంశం 969లో ఈజిప్టును గెలిచాక గాజు బిళ్లల తీరు మారింది. అధికారి పేరు పోయి ఖలీఫా పేరు వచ్చింది. అల్ హాకిమ్ (996-1021), అల్ ముస్తన్సిర్ (1036-1094) పేర్లతో వేలకొద్దీ దొరికాయి. కానీ చాలావాటి మీద ఎంత బరువో రాయలేదు. దీనితో ఒక వివాదం మొదలైంది. ఇవి తూకపు రాళ్లేనా, లేక చిల్లర డబ్బుగా వాడిన గాజు నాణేలా?

స్టాన్లీ లేన్‌పూల్ 1891లో బ్రిటిష్ మ్యూజియంలోని గాజు రాళ్ల జాబితా ప్రచురించినప్పటి నుంచి, ఫ్లిండర్స్ పెట్రీ 1926 పుస్తకం మీదుగా ఈ చర్చ సాగుతూనే ఉంది. పాల్ బాలోగ్ అవి చిల్లరే అని వాదించాడు. ఫాతిమిద్ ఈజిప్టులో రాగి నాణేలు దాదాపు లేవు, మరి కూరగాయలు దేనితో కొన్నారు, ఇన్ని వేల బిళ్లలు సర్రాఫులకు ఎందుకు అని ఆయన ప్రశ్న. మైకేల్ బేట్స్ 1981లో దీన్ని ఖండించాడు. బిళ్లలను తూచి చూస్తే అవి దీనారు, అర దీనారు, దిర్హమ్, రెండు దిర్హమ్‌ల బరువుల చుట్టూనే గుమిగూడుతున్నాయి. చిల్లర అయితే అంత ఖచ్చితంగా తూకం సరిచూసే శ్రమ ఎందుకు?

నా మట్టుకు నాకు బేట్స్ వాదనే బలంగా తోస్తుంది. బరువు రాయకపోవడం పెద్ద అడ్డంకి కాదు. మన పాత శేరు, వీశె రాళ్లను ఆకారం చూసే గుర్తుపట్టేవాళ్లం, ఎవరూ చదివేవారు కాదు. అయితే బాలోగ్ అడిగిన కూరగాయల ప్రశ్నకు బేట్స్ వాదనలో పూర్తి జవాబు లేదు. పరీక్షలో ఇది వస్తే ఇద్దరి వాదనలూ రాయండి, మీ మొగ్గు ఎటో కూడా చెప్పండి. మార్కులు కారణానికి పడతాయి, పక్షానికి కాదు.

6. అదే గాజు, వేరే పని

తెలుగులో తాయెత్తు అనే మాట అరబ్బీ "తఅవీజ్" నుంచి వచ్చింది. శరణు కోరడం అని మూలార్థం. కుతుబ్‌షాహీల కాలంలో శ్రీకాకుళం సర్కారు కేంద్రంగా ఉంది. తరాజు, దినుసు, ఖజానా, తనిఖీ వంటి మాటలు ఆ పాలన వెంట తెలుగులోకి దిగాయి. తాయెత్తు కూడా అటువంటి రాకపోకల్లోనే వచ్చి, ఎంతగా కలిసిపోయిందంటే, అమ్మవారి గుడి దగ్గర కట్టించుకునేదాన్ని కూడా మనం తాయెత్తే అంటాం.

గాజు తాయెత్తులు ఇస్లాంకు ముందే సిరియా, పాలస్తీనా ప్రాంతాల్లో ఉన్నాయి. కరిగిన గాజును దారం దూర్చే కొక్కెంతో సహా చిన్న బిళ్లగా చేసి, సింహం, సిలువ వంటి గుర్తులు నొక్కేవారు. తరువాత కాలంలో గాజు మీదా, ఎర్రని అఖీక్ రాయి మీదా అరబ్బీ రాత వచ్చింది: దేవుడి పేర్లు, ప్రార్థనా వాక్యాలు, సులేమాన్ ముద్ర అనే నక్షత్రం. తూకపు రాయి మీద దేవుడి పేరు అధికారి పేరుతో కలిసి వర్తకుణ్ణి కట్టడి చేసింది. తాయెత్తు మీద అదే పేరు జ్వరం నుంచి, దిష్టి నుంచి ధరించినవారిని కాపాడుతుందని నమ్మారు. రెంటిలోనూ రాతకే బలం.

ఇంకొక గుర్తు "బుదూహ్". దీనికి నిఘంటువులో అర్థం వెతకకండి. అరబ్బీ అక్షరాలకు అంకెల విలువలున్నాయి. ఈ మాటలోని నాలుగు అక్షరాల విలువలు 2, 4, 6, 8. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలను మూడు వరుసల గడుల్లో ఎటు కూడినా 15 వచ్చేలా పేర్చితే, నాలుగు మూలల్లో వచ్చేవి ఈ నాలుగే:

4 9 2
3 5 7
8 1 6

మీ ఇంటి గోడకో, కొట్టు గల్లాపెట్టె మీదో ఉన్న సూర్య యంత్రంలో ఇదే పేర్పు చూసి ఉంటారు. మన వైపు రాగిరేకు, అక్కడ గాజు, అఖీక్, కాగితం.

కాగితం తాయెత్తుల సంగతి ఒకటి చెప్పాలి. ఈజిప్టులో సుమారు పదో శతాబ్దం నుంచి కాగితం మీద అచ్చు వేసిన తాయెత్తులు దొరుకుతున్నాయి. చేత్తో రాసినవి కావు, అచ్చు నొక్కినవి. తగరపు అచ్చులతో తాయెత్తులు తయారుచేసే మోసగాళ్ల గురించి అబూ దులఫ్ అనే పదో శతాబ్దపు కవి ప్రస్తావించాడు. గుటెన్‌బర్గ్‌కు నాలుగు శతాబ్దాల ముందే అరబ్బులు అచ్చు వేశారు, కానీ పుస్తకాలు కాదు, తాయెత్తులు. వాటిని మడిచి సీసపు గొట్టాల్లో పెట్టి మెడలో వేసుకునేవారు.

7. చేతిలోకి వస్తే ఎలా గుర్తుపట్టాలి?

మొదట రాత దిశ చూడండి. ఉంగరపు ముద్రరాయి అయితే అక్షరాలు తలకిందులుగా, అద్దంలో కనిపించినట్టు ఉంటాయి. మైనం మీద నొక్కినప్పుడే అవి సరిగా పడతాయి. తూకపు రాయి మీద, తాయెత్తు మీద రాత నేరుగా ఉంటుంది. ఎందుకంటే వాటిని చూసేవారు అక్కడే చదువుకోవాలి. తరువాత కొక్కెమో రంధ్రమో ఉందా చూడండి. మెడలో కట్టుకునేదానికి అది ఉండాలి. నాణేలు తూచే చిన్న రాయికి ఉండకూడదు, ఎందుకంటే రంధ్రం పడితే దాని బరువు తప్పుతుంది. ఆ తరువాత తూచండి. ఈ మూడు పనులూ అయ్యాక గానీ పేరు చదవడానికి కూర్చోకండి. పేరు ముందు చదివితే, ఆ పేరుకు తగినట్టు మిగతావన్నీ కనిపించడం మొదలవుతుంది. ఈ పొరపాటు నేనూ చేశాను.

అభ్యాసం: ఒక ఆకుపచ్చ గాజు బిళ్ల, రంధ్రం లేదు, కొక్కెం లేదు, అంచు పగల్లేదు. రాత నేరుగా ఉంది. అల్ హాకిమ్ పేరు ఉంది, బరువు ఎంతో రాయలేదు. తూచితే 2.95 గ్రాములు. ఇది ఏమిటో, ఎందుకలా అనుకుంటున్నారో ఒక పేజీలో రాయండి. జవాబులో తూకాన్ని ముందు, పేరును తరువాత పెట్టండి.